మేం బాగుచేయించిన జావా

నలభై ఏడేళ్ళపాటు తుప్పు చేయలేకపోయిన పనిని మేం ముగ్గురు అన్నదమ్ములం నాలుగు నెలల్లో చేసేశాం. డబ్బులు పోసి మరీ చేయించాం. అయ్యాక కొబ్బరికాయ కొట్టి, బంతిపూల దండ వేసి, ఇంటిల్లిపాదీ పక్కన నిలబడి ఫొటోలు దిగాం. నాన్న జావా ఆ రోజుతో పోయింది. ఆ మాట మాలో మేం అనుకోవడానికి ఇంకో ఐదేళ్ళు పట్టింది. అన్నయ్యైతే ఇప్పటికీ అనలేదు.

ఇందులో 'మేం' అని రాసిన ప్రతిచోటా ముందు నన్ను లెక్కేసుకోండి. అన్నయ్య హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగి. తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. తెనాలిలో ఉన్నది నేను. నాలుగు నెలలూ స్కూలు వదలగానే షెడ్డుకు వెళ్ళి చూసొచ్చింది నేను. ఆపగలిగిన చోట ఉండి కూడా ఆపనివాణ్ణి నేనొక్కణ్ణే.

బండి 1969 నాటి జావా 250. మైసూరులో యాదవగిరి ఫ్యాక్టరీలో తయారైంది. మూలం చెకొస్లొవేకియా. అక్కడ ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఆయుధాల తయారీదారు 1929లో జర్మన్ కంపెనీ వాండరర్ మోటార్‌సైకిల్ హక్కులు కొని, తన పేరులో మొదటి అక్షరాలు, వాళ్ళ పేరులో మొదటి అక్షరాలు కలిపి పేరు పెట్టాడు. చెక్ వాళ్ళు దాన్ని 'యావా' అంటారు. మా నాయనమ్మ చివరిదాకా 'జావబండి' అనే అంది, అంబలి తాగి నడిచే బండి అన్నట్టు. 1960లో రుస్తుం ఇరానీ, ఫర్రోఖ్ ఇరానీ కలిసి ఐడియల్ జావా కంపెనీ పెట్టారు. ఆ మరుసటేడు నుంచి మైసూరు బళ్ళు రోడ్డెక్కాయి. డెబ్బైల్లో పేరు యెజ్డీ అయింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఈ చివరి సంవత్సరం గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత ఆ బండి మీద ఉన్న ప్రతి నట్టూ, ప్రతి వాషరూ మళ్ళీ తయారుకానిది. అది తెలిసి కూడా మేం నట్లు మార్పించాం.

నాన్న పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. వానలు పడకముందే గొంతువాపు టీకాలు వేసి రావాలని కాలవగట్ల మీద, పుంతల్లో, ఊరూరా తిరిగేవాడు. ఒక సిలిండరు, రెండు సైలెన్సర్లు, టూ స్ట్రోక్ ఇంజిను. మా బండి గట్టు మలుపు దాటకముందే చప్పుడు ఇంటికి వచ్చేది. జావాలో ఒక చమత్కారం ఉంది. కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి, వెనక్కి తిప్పి నిలబెడితే కిక్కు. స్టార్టయ్యాక ముందుకు వాల్చేస్తే అదే గేరు. గేరు మార్చేటప్పుడు క్లచ్ పట్టుకోకపోయినా ఫర్వాలేదు, కాలితో రాడ్డు నొక్కగానే క్లచ్ దానంతటదే విడుతుంది. నాన్న ఎడంచేత్తో పంచె సర్దుకుంటూ గేర్లు మార్చడం చూసి ఊళ్ళో పిల్లలు వెంటపడేవాళ్ళు.

టీకామందు ఐసులో ఉండాలి కదా, ఫ్లాస్కును తోలుపట్టీతో పెట్రోలు ట్యాంకుకు ఎడమపక్కన వేలాడదీసేవాడు. ఏళ్ళ తరబడి ఆ ఫ్లాస్కు రాసుకుని రాసుకుని మోకాలి రబ్బరు పైన అరచేయంత మేర రంగు పోయింది. పోయిన తీరే చూడాల్సింది. అంచున మెరూన్, దాని లోపల కొంచెం పాలిపోయిన మెరూన్, ఆ లోపల ఎర్రమట్టి రంగు ప్రైమరు, నట్టనడుమ నున్నగా అరిగిన ఇనుము. చెరువు ఎండేటప్పుడు ఒడ్డున గీతలు పడతాయే, అట్లా. ఆ ఇనుము ఎప్పుడూ తుప్పు పట్టలేదు. ఎందుకంటే రోజూ ఏదో ఒకటి దాన్ని రుద్దుతూనే ఉండేది, ఫ్లాస్కో, ఆయన తొడో, నూనె గుడ్డో. ముందు మడ్‌గార్డు మీద ఒక పెచ్చు ఊడితే అమ్మ క్యూటెక్స్ తెచ్చి పూశాడు. రంగు కలవలేదు. అమ్మ దాని గురించి చాలాకాలం సాధించింది, రంగు కలవనందుకు కాదు, సీసా ఖాళీ చేసినందుకు.

సీటు కింద పక్కనుండే సామాన్ల డబ్బా మూత లోపలివైపు ఇంకోటి ఉండేది. మేకుతో గీసిన అక్షరాలు. నాన్న సర్వీసు లెక్క. టూ స్ట్రోక్ బళ్ళకు సైలెన్సర్లలో మసి పేరుకుంటుంది, మధ్య మధ్య విప్పి కాల్చి దులపాలి. ఆ పని చేసినప్పుడల్లా తారీఖు, కిలోమీటర్లు గీసేవాడు. కింద ఒక్కొక్క ముక్క: 'రింగులు', 'చైను', 'పాయింట్లు', 'కొత్త ట్యూబు, వెనక'. ఒకచోట 'వరద, నీళ్ళు పోయినయి' అని ఉండేది. అది 1977 నవంబరు. దివిసీమ ఉప్పెన తర్వాత పశువుల కళేబరాలు పూడ్పించే పనికి ఆయన్ని అవనిగడ్డ వైపు పంపారు. ఇంటికొచ్చాక ఆ రోజుల గురించి ఆయన ఒక్క మాట చెప్పలేదు. డబ్బా మూత మీద మాత్రం ఆ మూడు మాటలు గీసుకున్నాడు.

ఆ మూత ఇప్పుడు మా దగ్గరే ఉంది. లోపలా బయటా నున్నగా, మెరూన్‌గా ఉంది.

ఫ్యాక్టరీ మూతపడ్డాక సామాను దొరకడం కష్టమై, మోకాళ్ళూ సహకరించక, 1999 ప్రాంతంలో నాన్న బండిని వసారాలో నిలబెట్టేశాడు. ట్యాంకు ఖాళీ చేసి, ప్లగ్గు విప్పి నాలుగు చుక్కల నూనె పోసి, మీద గోనెపట్టాలు కప్పాడు. దసరాకు పట్టాలు తీసి, తుడిచి, బొట్టు పెట్టి, కిక్కు రాడ్డు చేత్తో రెండుసార్లు ఆడించి మళ్ళీ కప్పేసేవాడు. ఆయన చేసిందే సంరక్షణ అని మాకు అప్పుడు తోచలేదు. బండి మూలపడిందనే అనుకున్నాం. 2014లో నాన్న పోయాడు. 2016లో, రెండో సంవత్సరీకానికి అందరం కలిసినప్పుడు తమ్ముడు పట్టాలు తీశాడు. దుమ్ము, బల్లి గుడ్లు, గట్టిపడ్డ టైర్లు. 'ఎంత అన్యాయంగా వదిలేశాంరా' అన్నాడు. అందరికీ కళ్ళు చెమర్చాయి. మా చేత తప్పు చేయించింది ఆ చెమ్మే. 'నాన్న జావా' అని వాట్సాప్ గ్రూపు ఆ రాత్రే పుట్టింది.

మొదట పిలిపించింది విజయవాడ నుంచి ఒక పెద్దాయన్ని. పాత జావాలు, యెజ్డీలు తప్ప ఇంకోటి ముట్టుకునేవాడు కాదు. రైల్లో వచ్చాడు, చేతిలో ఒక సంచి. ప్లగ్గు విప్పి లోపలికి కాస్త డీజిలు పోసి, 'భోంచేద్దాం పదండి' అన్నాడు. భోజనం చేసి, ఓ కునుకు తీసి, వచ్చి కిక్కు రాడ్డు మీద చెయ్యేసి మెల్లగా ఒత్తాడు. కదిలింది. 'ఇంజిను ఇరుక్కోలేదు బాబూ, క్రాంకు సీళ్ళు ఎండిపోయినయ్ అంతే. సీళ్ళు, టైర్లు, ట్యూబులు, బ్రేకు షూలు, కేబుళ్ళు, కండెన్సరు. కార్బొరేటరు నేను కడుగుతా. వైర్లు తెగినకాడ మట్టుకు మారుద్దాం. రంగు జోలికి పోవద్దు, కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే చాలు.' మొత్తం పద్దెనిమిది వేలు చెప్పాడు.

తక్కువ చెప్పాడు కాబట్టి నమ్మలేదు. అంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు. పెళ్ళిలో వంటవాడు తక్కువ రేటు చెబితే అనుమానించే జాతి మనది. 'పెయింటింగ్ చేతకాదేమో, అందుకే వద్దంటున్నాడు' అని అన్నయ్య గ్రూపులో పెట్టాడు. నేను దానికి బొటనవేలు గుర్తు పెట్టాను. నా ఎదురుగా ఆ పిస్టన్ కదిలింది. నేను చూశాను. చూసి బొటనవేలు పెట్టాను.

రెండోసారి అడిగిన షెడ్డు వాళ్ళు లక్షా అరవై వేలు చెప్పారు. ఆల్బం చూపించారు. ముందు, తర్వాత. ముందు ఫొటోలో తుప్పు పట్టిన బండి, తర్వాత ఫొటోలో అద్దం. మేం ముగ్గురం 'తర్వాత'లో మా మొహాలు చూసుకున్నాం. వాళ్ళని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మేం అడిగిందే వాళ్ళు చేశారు, చెప్పిన తేదీకి చేశారు. అడిగింది మేం.

ఏమేం అడిగామో వరసగా చెప్పలేను, రోజుకొకటి అడిగాం. ట్యాంకును రిమూవర్‌తో ఇనుము తేలేదాకా కడిగారు. ఫ్రేముకు పౌడర్ కోటింగ్ వేశారు, గట్టిగా ఉంటుందని. మెరూన్ షేడు ఎంచింది నేనే. అసలు రంగు సీటు ముక్కు కింద, ఎండ తగలని చోట, రెండు వేళ్ళ వెడల్పున 1969 నాటిది అట్లాగే ఉంది. అక్కడ చూసి కలిపిస్తే సరిపోయేది. నేను షేడు కార్డు తిరగేసి, ఏదో కొత్త కారుకు వాడే మెరిసే మెరూన్ మీద వేలు పెట్టాను. ఫోనులో అది బాగా వచ్చింది. పాత బోల్టుల తలల మీద చేసిన కంపెనీల ముద్రలు ఉండేవి. వాటి బదులు తళతళలాడే స్టీలు ఆలెన్ బోల్టులు బిగించారు. తమ్ముడు డాలస్ నుంచి రాత్రిళ్ళు టీవీలో బళ్ళు బాగుచేసే కార్యక్రమాలు చూసి పొద్దున్నే కొత్త కోరికలు పంపేవాడు. వాడి డాలర్లు కాబట్టి మేం కాదనలేదు. మేం కాదనలేదు కాబట్టి వాడు ఇంకోటి అడిగాడు.

ఇంజిను సంగతి. సిలిండరు ఇంకో సైజు బోరు చేయిస్తే నడిచేది. పిస్టన్ వెతకాలి, ఆలస్యమవుతుంది అన్నారు. దసరాకల్లా బండి కావాలి మాకు. షెడ్డులో ఒక యెజ్డీ ఇంజిను సిద్ధంగా ఉంది, అదే వంశంలోది, కొద్ది మార్పులతో కూర్చుంటుందన్నారు. కూర్చుంది. నాన్న ఇంజినును ఏం చేయమంటారని అడిగితే అన్నయ్య, 'పిస్టన్ ఒకటి ఇవ్వండి, టేబుల్ మీద పెట్టుకుంటాను' అన్నాడు. తక్కిన అల్యూమినియం కిలోల లెక్కన పోయింది. ఎంత వచ్చిందో కూడా అడగలేదు, బిల్లులో తగ్గించారట. ఆ పిస్టన్ ఇప్పటికీ అన్నయ్య టేబుల్ మీద కాగితాలు ఎగరకుండా కాపలా కాస్తోంది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. కొత్తగా కావాల్సిన మీటరు, హెడ్‌లైటు రిమ్ము, చైను డబ్బా ఎక్కణ్ణించి వచ్చాయి? ఫ్యాక్టరీ లేదు కదా. ఇంకెవరి నాన్నవో రెండు బళ్ళు విప్పితే వచ్చాయి. షెడ్డు వెనక వేపచెట్టు కింద ఆ రెండు ఫ్రేములు నెలలపాటు పడి ఉండడం నేను చూశాను. ఒకదాని నంబరు ప్లేటు ఇంకా ఉంది. మా బండి లేవడానికి రెండు బళ్ళు చచ్చాయి. ఆ లెక్కన రాష్ట్రం మొత్తం మీద మాలాంటి కొడుకులు ఎన్ని బళ్ళు తిన్నారో.

దసరా ముందురోజు బండి ఇంటికొచ్చింది. వీధి అంతా వచ్చి చూసింది. అమ్మ బయటికొచ్చింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. మేం ఆనందంతో అనుకున్నాం. బండి చుట్టూ ఎడమపక్కకు వచ్చి కిందికి వంగి చూసింది.

'చీర గార్డు ఏదిరా?'

చీర గార్డు తీసేయించాం. వెనక చక్రంలో చీరకొంగు పడకుండా ఉండే కమ్మీల చట్రం, కింద కాళ్ళు పెట్టుకునే పలక. బండి అందం చెడగొడుతోందని మొదటి వారమే తీసేయించాం. అది ఫ్యాక్టరీలో వచ్చింది కూడా కాదు, నాన్న తర్వాత వేయించింది, 'ఒరిజినల్' కాదు అని అన్నయ్య వాదన. ఒరిజినల్ అన్న మాట మా గ్రూపులో ఎవరైనా వాడింది ఆ ఒక్కసారే, అదీ అమ్మ కాలు పెట్టుకునే చోటు తీసేయించడానికి.

'మరి నేను కాలెక్కడ పెట్టుకోవాలి?' అంది అమ్మ.

ఎక్కించుకుని తిప్పుతామని మేం అప్పటికి అనుకోనే లేదు. డెబ్బై ఏళ్ళావిడ, పక్కకు తిరిగి కూర్చోవాలి. ఆమె మాత్రం ఎక్కుదామనే బయటికొచ్చింది. చీర కూడా మార్చుకుని వచ్చింది. ఆ సంగతి మా ఆవిడ రాత్రి చెబితే గాని నాకు తెలియలేదు.

ఏటా జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ ఉన్నవాళ్ళంతా ఒకచోట చేరతారు. 2017 జూలై 9న మేం కూడా వెళ్ళాం. ముప్పై బళ్ళ దాకా వచ్చాయి. ఒక్కొక్కటి ఒక్కో పెళ్ళికొడుకు. మా మెరూన్ చుట్టూ జనం మూగారు. ఒక మూల, చింతచెట్టు నీడన, రంగు వెలిసిన జావా ఒకటి నిలబడి ఉంది. సీటు రెగ్జిను చిరిగితే దారంతో కుట్టుకున్నారు. ట్యాంకు క్రోము మీద మసక చుక్కలు. దాని పక్కన అరవై దాటిన మనిషి. 'పాపం, పెయింటు వేయించలేకపోయాడు' అనుకున్నాం. అనుకోవడమేంటి, పైకే అన్నాం. ఆయన బండి మొదటి కిక్కుకే అందుకుంది. మాది నాలుగో కిక్కుకు.

ఆయన మా బండి దగ్గరికొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఇంజిను మీదికి వంగి నంబరు చూశాడు. 'బావుంది. పాత ఇంజిను కేసు దాచారా?' అన్నాడు. లేదన్నాం. తల ఆడించి వెళ్ళిపోయాడు. మేం నవ్వుకున్నాం. ఆ నవ్వు అప్పు తీరడానికి నాలుగేళ్ళు పట్టింది.

2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. యాభై ఏళ్ళు దాటిన ద్విచక్రవాహనం, కారు ఏదైనా వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. అప్పటికే రిజిస్టరై ఉన్న బండికి పాత నంబరు పాతగానే ఉంటుంది. కొత్తగా నమోదయ్యే వాటికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక వరస. మొదటి నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, ఆ తర్వాత మళ్ళీ నమోదుకు 5,000. మాది 1969 బండి. ఏతో మొదలయ్యే మూడక్షరాలు, నాలుగంకెలు, తెల్ల రంగుతో చేత్తో రాసిన ప్లేటు. ఆ నంబరు అట్లాగే ఉంటుందని తెలిసి గ్రూపు రెండేళ్ళ తర్వాత మళ్ళీ మోగింది.

నిబంధనలో ఇంకో మాట ఉంది. బండి అసలు రూపంలో నిలబెట్టుకున్నదై ఉండాలి. ఛాసిస్ లోనూ, బాడీ లోనూ, ఇంజిను లోనూ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు.

రవాణా శాఖ ఆఫీసులో కుర్రవాడొకడు బండి చూసి ముచ్చటపడ్డాడు. సెల్ఫీ తీసుకున్నాడు. తర్వాత ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. మీలో బండి అమ్మినవాళ్ళకు ఈ పని తెలిసే ఉంటుంది. ఇనుములో గుద్దిన అంకెలు కాగితం మీద తెల్లగా తేలతాయి. మా కాగితం నల్లబడింది, అంతే. పౌడర్ కోటింగ్ ఆ అంకెల గుంతల్ని పూడ్చేసింది. మళ్ళీ రుద్దాడు. ఒక ఏడో, ఒకటో తెలియని గీత ఒకటి వచ్చింది. ఇంజిను నంబరు మాత్రం చక్కగా వచ్చింది. నాన్న ఆర్సీ పుస్తకంలో ఉన్న నంబరు కాదది. 'సార్, ఈ బండి కాగితాల్లో బండి కాదు కదా' అన్నాడు. అతను ఎగతాళి చేయలేదు. అతని తప్పు కూడా ఏమీ లేదు. నేను ఆ పెన్సిల్ కాగితం అడిగి తెచ్చుకున్నాను. నల్లటి కాగితం, మధ్యలో ఒక గీత. మా పనికి దొరికిన సరైన ఫొటో అదే.

ఐదేళ్ళు ఓపిక పట్టి ఉంటే, పద్దెనిమిది వేల మనిషి మాట విని ఉంటే, చేతిలో డబ్బు మిగిలి, బండి మిగిలి, నంబరు మిగిలేది. లక్షా అరవై వేలు ఖర్చుపెట్టి మూడూ పోగొట్టుకున్నాం.

ఆ తర్వాతే నేను చదవడం మొదలుపెట్టాను. పాతవాహనాల సంఘాల ప్రపంచ సమాఖ్య ఇటలీలోని టూరిన్ పేరుతో ఒక ఒడంబడిక చేసుకుంది. దాని సారం విజయవాడ పెద్దాయన భోజనానంతరం చెప్పిందే. ముందు ఉన్నది ఉన్నట్టు కాపాడు. చెడిపోతుంటే చెడకుండా ఆపు. ఇక వేరే దారి లేదన్నప్పుడే తిరిగి కట్టు. ఏం మార్చావో రాసిపెట్టు. పాత కట్టడాలకు 1964లో వెనిస్‌లో రాసుకున్న నియమాల్లోంచి వచ్చిన ఆలోచన ఇది. ఊహ మొదలైన చోట చెయ్యి ఆగాలని అక్కడ తేల్చుకున్నారు. మా చెయ్యి ఊహతోనే మొదలైంది.

కానీ ఇటలీ దాకా పోనక్కర్లేదు, మా ఊరి గుడి చూస్తే చాలు. చిన్నప్పుడు ద్వారపాలకుడి మీసం రాతిలో వెంట్రుక వెంట్రుకగా కనిపించేది. ఊళ్ళోవాళ్ళం చందాలేసుకుని బాగుచేయించాం. ఇసుక కొట్టించి శుభ్రం చేయించి, ఎనామిల్ వేయించాం. ఇప్పుడు మీసం నల్లగా, నిగనిగలాడుతూ, ఒకే ముద్దగా ఉంటుంది. దాని కింద శిలాఫలకం మీద దాతల పేర్లు అక్షరాక్షరం చదవొచ్చు. మన నోట 'బాగుచేయడం' అంటే కొత్తది చేయడమే. పాతది పాతగా ఉంటే మనకు చిన్నతనం, ఇంట్లో ఎవరికీ సంపాదన లేదనుకుంటారు. పెళ్ళికి ముందు ఇంటికి సున్నం వేసినట్టు నాన్నకు పెయింటు వేయించాం. ఆ చందా జాబితాలో కూడా నా పేరుంది, వెయ్యినూటపదహార్లు.

అన్నయ్య అంటాడు, 'బండి నడుస్తోందిగా, లేకపోతే మూలపడి ఉండేది.' నడుస్తోంది నిజమే, నెలకోసారి, ఫొటోలకు. నాన్న మూలన పెట్టిన బండి పదిహేనేళ్ళు ఎండా వానా తగలకుండా, నూనె చుక్కతో, ఏడాదికోసారి చెయ్యి తగిలి బతికింది. దానికి మేం ఏం చేయకుండా ఉంటే చాలు. ఏం చేయకుండా ఉండడం మాకు చేతకాలేదు. ముగ్గురు కొడుకులం, ముగ్గురికీ ప్రేమ ఉంది, ముగ్గురికీ ఆ ప్రేమ నలుగురికీ కనపడాలని ఉంది. గోనెపట్టా కింద ఉన్న బండి ఎవరికి కనపడుతుంది?

డబ్బా మూత మీది అక్షరాల ఫొటో ఎవరి దగ్గరా లేదు. నాలుగు నెలల్లో గ్రూపులోకి ఆరువందల పైచిలుకు ఫొటోలు వచ్చాయి. ఒక్కదాంట్లోనూ మూత లోపలివైపు లేదు. ముగ్గురం కూర్చుని గుర్తుచేసుకుని ఒక కాగితం మీద రాద్దామనుకున్నాం. 'వరద' అన్న ముక్క ముగ్గురికీ గుర్తుంది. 'వెనక ట్యూబు' నాకు, తమ్ముడికి. ఏ తారీఖూ ఎవరికీ గుర్తులేదు. కిలోమీటర్లు చూద్దామంటే మీటరు కూడా నాన్నది కాదు.

మిగిలిన వాటిని ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి పెట్టాను. పగిలిన మోకాలి రబ్బరు ఒకటి, పాత తాళంచెవి, తోలుపట్టీ బకిల్, పెన్సిల్ కాగితం. చీర గార్డు కోసం పాత ఇనుము కొట్లన్నీ తిరిగాను. మూడు దొరికాయి, ఏదీ మాది కాదు. మా దానికి ఎడమ కొసన ఒక వంపు ఉండేది, ఓసారి రేవు దగ్గర నాన్న గేదెను తప్పించబోయి రాయికి కొట్టినప్పుడు పడింది.

పోయిన నెల రేపల్లె వెళ్ళాం, పెద్దమ్మ కూతురు వాళ్ళింటికి. బావగారు పోయి ఏడాదయింది. పశువులపాకలో ఆయన యెజ్డీ ఉంది. నల్లది. సీటు మీద కోడి పొదిగింది. ట్యాంకు మీద ఆయన వేయించుకున్న చిన్న ఆంజనేయస్వామి బొమ్మ, సగం చెరిగి. హ్యాండిల్‌కు ఇంకా పాలక్యాను కొక్కెం వేలాడుతోంది. మేనల్లుడు మమ్మల్ని పాకలోకి తీసుకెళ్ళి, 'మావయ్యా, దీన్ని కూడా మీ బండిలా తయారుచేయించాలి. ఫ్రెండ్స్‌కి మీ ఫొటోలు చూపిస్తే పిచ్చెక్కిపోయారు' అన్నాడు. వాడి కళ్ళు చెమర్చి ఉన్నాయి. ఆ చెమ్మ నాకు తెలుసు.

నేను నోరు తెరిచేలోపే అన్నయ్య జేబులోంచి ఫోను తీసి పెయింటర్ నంబరు పంపించేశాడు.

'మావయ్యా, మీ మెరూన్ ఏ షేడు?' అని వాడు నన్నడిగాడు. అక్క టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె మొహంలో అన్నాళ్ళకు కాస్త వెలుగు. షేడు నంబరు నాకు కంఠతా వచ్చు.

చెప్పాను.